మిషనరీ ఫాదర్ కావడానికి అన్నేళ్లు ఎందుకు? ఒక మాజీ బ్రదర్ సమాధానం

బిడ్డా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంటర్ పాసైన మీ తమ్ముడు కథోలిక చర్చిలో మిషనరీ ఫాదర్ అవుతానని పట్టుబట్టాడు, మీ విచారణ గురువుగారేమో (అంటే మీ ఊరి చర్చి ఫాదర్) పన్నెండేళ్లు పడుతుందన్నారు, ఎంబీబీఎస్‌కే అన్నేళ్లు పట్టదు కదా, లోపల అంతకాలం ఏం నేర్పుతారు, అసలు ఈ చదువు ఇట్లా ఎవరు పెట్టారు, మధ్యలో తిరిగొస్తే వాడి చేతిలో ఏముంటుంది అని అడిగావు. అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదని కూడా రాశావు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందే చెప్తున్నా, నేను ఫాదర్‌ని కాను. 1975లో పదో తరగతి కాగానే సెమినరీలో, అంటే ఫాదర్లను తయారుచేసే బడిలో, బ్రదర్‌గా చేరి, ఏడేళ్లు ఉండి బయటికి వచ్చినవాణ్ని. తర్వాత తెలుగు పండితుడిగా ఉద్యోగం చేశాను. దానితోపాటు ముప్పై ఏళ్లకు దగ్గర దగ్గర, హన్మకొండలో మా ఇంటి వరండాలో కూర్చోబెట్టి, కేరళ నుంచీ తమిళనాడు నుంచీ జార్ఖండ్ నుంచీ మన వైపు మిషన్‌కి వచ్చే బ్రదర్లకు, ఫాదర్లకు తెలుగు నేర్పాను. కాబట్టి ఈ వ్యవహారం నాకు సగం లోపలి నుంచి తెలుసు, సగం గడప మీద నుంచి తెలుసు.

మొదట ఒక తికమక తీర్చుకోవాలి. వరంగల్ మేత్రాసనం (బిషప్ గారి పరిధి) కోసం చేరితే మీ తమ్ముడు మేత్రాసన గురువు అవుతాడు, బిషప్ గారి కింద జనగామో నర్సంపేటో పరకాలో ఇక్కడిక్కడే ఉంటాడు, పండక్కి ఇంటికొస్తాడు. మిషనరీ అంటే వేరే. వాడు ఒక సంఘానికి చెందుతాడు, ఆ సంఘం ఒడిశా కొండల్లోకి పొమ్మంటే పోవాలి, ఆఫ్రికా పొమ్మంటే పోవాలి. ఇంట్లో చాలామందికి ఈ తేడా తెలియదు, పట్టాభిషేకం (ఫాదర్‌ని చేసే తంతు) అయ్యాక తెలిసి కంగారు పడతారు. మీ అమ్మకు ఇప్పుడే చెప్పండి.

ఇక ఏళ్ల లెక్క. ముందు 'కమ్ అండ్ సీ' అని కొద్దిరోజుల క్యాంపు ఉంటుంది, వాళ్లు వీణ్ని చూస్తారు, వీడు వాళ్లని చూస్తాడు. తర్వాత ఒక ఏడాది తయారీ, అందులో ఎక్కువ ఇంగ్లీషూ ప్రార్థనా తోటపనీ. మఠసభ, అంటే సన్యాస వ్రతాలు తీసుకునే సంఘం, అయితే వాటికి తయారయ్యే నోవిషియేట్ అని ఇంకో ఏడాది. ఆ పైన ఫిలాసఫీ రెండు మూడేళ్లు, మధ్యలో డిగ్రీ ఉంటే దానికి ఇంకొంత, తర్వాత రీజెన్సీ అని ఏదో ఒక మిషన్ స్టేషన్‌లోనో స్కూల్లోనో హాస్టల్లోనో ఒకటి రెండేళ్ల పని, ఆ తర్వాత థియాలజీ నాలుగేళ్లు, డీకన్ పట్టం (ఫాదర్‌కి ముందు మెట్టు), కనీసం ఆరు నెలల తర్వాత గురుపట్టం, అంటే ఫాదర్ కావడం. ఫిలాసఫీ థియాలజీ కలిపి నిండుగా ఆరేళ్లు ఉండాలనీ, గురుపట్టానికి ఇరవై అయిదేళ్లు నిండాలనీ 1983 నాటి చర్చి ధర్మశాస్త్రంలోనే ఉంది, అది సంఘాల ఇష్టం కాదు. మిగతా ఏళ్లు సంఘాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

నన్నడిగితే దేవుడి గురించి పుస్తకాల్లో ఉన్నది నేర్పడానికి నాలుగైదేళ్లు చాలు. మిగతా కాలమంతా కుర్రాడి చెవినీ నోటినీ మార్చడానికి. తన మాట చెప్పడానికి పోయేవాడు ముందు ఎదుటివాడి మాట వినడం నేర్చుకోవాలని ఆసియాలో ఈ చర్చికి తలబొప్పి కట్టాకే తెలిసింది, అదీ ఒక్కసారి కాదు. నువ్వు ఎవరు పెట్టారని అడిగావు కదా, ఆ కథే చెప్తా.

ఒకప్పుడు యూరప్‌లో కూడా ఫాదర్ కావాలంటే ఒక ఫాదర్ దగ్గర చేరి చూసి నేర్చుకోవడమే, చాలామందికి పెద్ద చదువు లేదు. 1563లో కథోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ ప్రతి మేత్రాసనానికీ ఒక సెమినరీ ఉండాలని చట్టం చేసింది. తమాషా ఏంటంటే దానికి ఇరవై ఏళ్ల ముందే గోవాలో సెయింట్ పాల్ కాలేజీ మొదలైపోయింది, ఫ్రాన్సిస్ జేవియర్ గారు 1542లో దిగేనాటికే అక్కడ రకరకాల దేశాల పిల్లల్ని చేర్చుకుంటున్నారు. కానీ అందులో నేర్పింది లాటిన్, పోర్చుగీసు పద్ధతులు. పిల్లలు మనవాళ్లు, అచ్చు పరాయిది.

అసలు గొడవ జపాన్‌లో బయటపడింది. అక్కడ జెస్విట్లు అనే మిషనరీ సంఘానికి పెద్దగా ఉన్న కాబ్రాల్ అనే ఆయన, జపాన్ భాష మనవాళ్లకు రాదు, జపాన్ వాళ్లను గురువుల్ని చేయకూడదు అని కూర్చున్నాడు. 1579లో తనిఖీకి వచ్చిన వలిన్యానో అనే ఇటలీ ఫాదర్ అది చూసి మండిపడి మొత్తం తిరగేశాడు. మిషనరీలు ముందు కూర్చుని భాష నేర్చుకోవాలి, వాళ్ల మర్యాదలు, కూర్చునే పద్ధతి, తినే పద్ధతి నేర్చుకోవాలి, జపాన్ కుర్రాళ్లకు సెమినరీలు పెట్టాలి అన్నాడు. 1580లో అరిమాలో, అజూచిలో సెమినరీలు పెట్టించాడు కూడా. 1601లో మొదటి జపాన్ గురువులకు నాగసాకిలో పట్టం ఇచ్చారు. చైనాకు వెళ్లాల్సిన రుజ్జియేరీ, రిచ్చీ అనే ఫాదర్లను చైనా తీరంలోని మకావులో కూర్చోబెట్టి చైనీసు చదివించింది కూడా ఈయనే. అప్పుడు తోటి ఫాదర్లే, ఇదేం టైం వేస్ట్, ఇక్కడ చేయాల్సిన పని బోలెడుంటే, అన్నారట. ఈ మాట నేను మా వరండాలో కూడా విన్నాను, వేరే నోళ్ల నుంచి.

మన దక్షిణానికి వస్తే రాబర్ట్ డి నోబిలీ అనే ఇటలీ ఫాదర్. 1606లో మదురై చేరి తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. మదురైలో తెలుగు ఎందుకంటావా, అక్కడ నాయక రాజులు తెలుగువాళ్లే కదా, దర్బారు మాట తెలుగే. ఆయనకు సంస్కృతం చెప్పింది శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణ పండితుడు. భాష నేర్చుకున్నవాడి పేరు చరిత్రలో ఉంటుంది గానీ నేర్పిన పంతులు పేరు ఎవడికీ గుర్తుండదు, శివధర్ముడి పేరు మిగిలినందుకు నాకు ఇప్పటికీ సంబరం.

తర్వాత రోము, అంటే పోపు గారి పాలన, 1622లో మిషన్ పనుల కోసం ప్రొపగాండా ఫీదే అని ప్రత్యేక శాఖ పెట్టింది. 1659లో ఆ శాఖ ఆసియాకు వెళ్లే బిషప్పులకు ఇచ్చిన ఆదేశాల్లో ఒక మాట ఉంది: ఫ్రాన్స్‌నో స్పెయిన్‌నో ఇటలీనో మోసుకుపోయి చైనాలో దించడం కంటే తెలివితక్కువ పని ఏముంటుంది, అని. విశ్వాసం తీసుకెళ్లండి, మీ దేశాన్ని కాదు, ఆ దేశం వాళ్లనే గురువులుగా తయారు చేయండి అని. మూడువందల అరవై ఏళ్ల కిందటి కాగితం ఇది. ఆ మాట పట్టుకుని ఫ్రెంచి మిషనరీలు అప్పటి సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజధాని అయుత్తయలో ఆసియా మొత్తానికి ఒక సెమినరీ పెట్టారు. యుద్ధాల వల్ల అది ఊళ్లు పట్టి తిరిగింది, మన పాండిచ్చేరి దగ్గర వీరాంపట్నంలో కూడా కొన్నాళ్లు నడిచింది, చివరికి 1808లో ఇప్పటి మలేసియాలోని పెనాంగ్‌లో కుదురుకుంది.

కానీ ఆదేశం ఒకటి, అమలు ఇంకొకటి. చదువంతా లాటిన్‌లోనే. చైనా పెద్దమనిషి ఒకాయన తన భాషలో గొప్ప పండితుడై ఉండి నడివయసులో గురువవుదామంటే ఆ లాటిన్ గొంతులో దిగేది కాదు. చివరికి రోమే దిగొచ్చి, లాటిన్ చదవగలిగితే చాలు, అంతా అర్థం కాకపోయినా ఫర్వాలేదు, పూజలో ముఖ్యమైన మాటలు తెలిస్తే చాలు అని చైనావాళ్లకు మినహాయింపు ఇచ్చింది. చైనావాళ్లలో మొదటి బిషప్ లువో వెన్‌జావ్ 1688లో ముగ్గురు చైనా వాళ్లకు పట్టం ఇచ్చాడు, అందులో ఒకాయన వూ లీ అప్పటికే పేరున్న చిత్రకారుడు.

కొరియా కథ ఇంకా గట్టిది. మీ తమ్ముడి కంటే చిన్న పిల్లలు ముగ్గురు, 1836 డిసెంబరులో ఇల్లు వదిలి, చలిలో సరిహద్దు దాటి, చైనా పొడవునా పోయి, 1837 జూన్‌లో మకావు చేరారు, సెమినరీ చదువు కోసం. ఒకడు అక్కడే చనిపోయాడు. ఆండ్రూ కిమ్ తేగాన్ 1845లో కొరియా మొదటి గురువయ్యాడు. 1846లో తల నరికారు. గురువుగా బతికింది ఏడాది చిల్లర. ఇది మీ అమ్మకు చదివి వినిపించకు.

మనకు ముఖ్యమైన సంవత్సరం 1893. పోపు పదమూడో లియో గారు భారతదేశం కోసం క్యాండీలో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ఒక పెద్ద సెమినరీ పెట్టించారు. ఓ భారతమా, నీ బిడ్డలే నీ రక్షణకు పరిచారకులవుతారు, అన్నది దాని మీద చెక్కిన మాట. 1955లో అది పూణేకి వచ్చింది, ఇప్పటికీ ఉంది. మాట బాగుంది గానీ పగ్గాలు మాత్రం చాలాకాలం తెల్లవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. 1919లో పోపు పదిహేనో బెనెడిక్ట్ గారు దీన్నే సూటిగా తప్పుపట్టారు. స్థానిక గురువులంటే విదేశీ ఫాదర్లకు సహాయకులు కాదు, వాళ్లకు పూర్తి స్థాయి చదువు చెప్పి చర్చిని వాళ్లకే అప్పజెప్పాలి, మిషనరీ అన్నవాడు ఆ ప్రజల భాష బాగా రాకుండా పనిలోకి దిగకూడదు అని రాశారు. 1923లో తమిళనాడు ట్యుటికోరిన్‌కు మన భారతీయుడు బిషప్ అయ్యాడు, 1926లో ఆరుగురు చైనా వాళ్లకు రోములోనే బిషప్ అభిషేకం జరిగింది. ఆ తర్వాత 1962–65 వాటికన్ మహాసభ, పూజ మన భాషల్లోకి వచ్చింది. 1974లో తైపేలో కూడిన ఆసియా బిషప్పులు పేదలతో, సంస్కృతులతో, ఇతర మతాలతో సంభాషణే మా దారి అన్నారు. 1992 నుంచి మనిషితనం, భక్తి, చదువు, సేవ అని నాలుగు స్తంభాల మీద శిక్షణ నడుస్తోంది, 2016లో వచ్చిన నియమావళి తొలి తయారీ కాలాన్ని అందరికీ తప్పనిసరి చేసింది, పిల్లల రక్షణ గురించి పాఠం చేర్చింది. వీటి గురించి మీ తమ్ముడికి లోపల ఎలాగూ నూరిపోస్తారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఇటలీలోని మిలాన్ నుంచి పైమే (PIME) అనే మిషనరీ సంఘం ఫాదర్లు 1855లోనే హైదరాబాద్ వైపు వచ్చారు. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడితే మొదటి బిషప్ ఆ సంఘం మనిషే, అల్ఫోన్సో బెరెట్టా గారు. నా చిన్నప్పుడు మా ఊరికి సైకిల్ మీద వచ్చే ఇటలీ ఫాదర్ ఒకాయన, చెమటకు తడిసిన తెల్ల అంగీతో దిగీ దిగగానే "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అనేవాడు. అచ్చం మా పెద్దనాయన అన్నట్టే ఉండేది. నేను సెమినరీకి పోయింది ఆయన్ని చూసే.

పోయాక ఏమైందో విను. ఆ సెమినరీ పేరు వద్దులే. అక్కడ ఇంగ్లీషులోనే మాట్లాడాలి. తెలుగు మాట్లాడి దొరికినవాడికి ఒక చెక్కబిళ్ల ఇస్తారు, వాడు తెలుగు మాట్లాడే ఇంకొకణ్ని పట్టుకునే దాకా అది జేబులో ఉండాలి, పడుకునే వేళకు ఎవడి దగ్గరుంటే వాడు మర్నాడు అందరి కంచాలు కడగాలి. ఒక రాత్రి బాత్రూముల దగ్గర నాకు తేలు కుట్టింది. "ఓ అవ్వా" అని అరిచాను. బిళ్ల ఉన్నవాడు పరుగెత్తుకొచ్చి ముందు బిళ్ల నా చేతిలో పెట్టి, తర్వాత ఫాదర్‌ని పిలవడానికి పోయాడు. కాలు మంట కంటే ఆ బిళ్లే ఎక్కువ గుర్తుంది నాకు. 1659లో రోము చెప్పిన మాటకీ మా బిళ్లకీ మూడువందల ఏళ్ల దూరం, చూడు.

నేను బయటికి వచ్చింది దానివల్ల కాదు, అబద్ధం చెప్పను. రీజెన్సీలో హాస్టల్ పిల్లలకు పాఠాలు చెప్తున్నప్పుడు, నాకు బ్లాక్‌బోర్డు ముందు ఉన్న సంతోషం చర్చిలో పూజ పీఠం ముందు లేదని తెలిసిపోయింది. స్పిరిచువల్ ఫాదర్ మంచివారు, పో నాయనా, ఇది కూడా పిలుపే అన్నారు. ఆ రీజెన్సీ ఉన్నది అందుకే. నలుగురిలో పడితేనే మనిషికి తన సంగతి తనకు తెలుస్తుంది.

తర్వాత విచిత్రంగా సెమినరీల వాళ్లే బయటి బ్రదర్లకు తెలుగు నేర్పమని నా దగ్గరికి పంపారు. ఆదిలాబాద్ వైపు కేరళ మిషనరీలు చాలా ఏళ్ల నుంచి ఉన్నారు, 1999లో మంచిర్యాల కేంద్రంగా సీరో మలబార్ (కేరళ కథోలికుల ఒక శాఖ) వాళ్ల ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడ్డాక రాక ఇంకా పెరిగింది. వాళ్లు వచ్చేటప్పటికే పుస్తకం తెలుగు నేర్చుకుని వస్తారు. ఒక మలయాళీ బ్రదర్, చురుకైన కుర్రాడు, మొదటిసారి ఊళ్లోకి పోయాడు. ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని "పానం మంచిగ లేదు బిడ్డా" అంది. వాళ్ల భాషలో పానం అంటే తాగడం. పాపం దాహమేస్తోంది కాబోలనుకుని ఉరికి చెంబెడు నీళ్లు తెచ్చాడు. ఆమె తాగింది. మళ్లీ "పానం మంచిగ లేదు" అంది. మళ్లీ నీళ్లు తెచ్చాడు. మూడోసారి ఆమెకు నవ్వొచ్చి, పక్కింటామెను పిలిచి, ఈ పిల్లగాడు నన్ను నీళ్లు తాపి చంపేటట్టున్నడు అంది. సాయంత్రం నా దగ్గరికొచ్చి పాలిపోయిన మొహంతో చెప్తే, పానం అంటే ఇక్కడ ప్రాణం, ఒంట్లో బాగా లేదంటోందిరా అన్నాను. మర్నాడు మాత్రలు తీసుకుని పోయాడు. ఆ కుర్రాడు ఇప్పుడు మనకంటే బాగా మన యాస మాట్లాడతాడు.

అప్పటి నుంచి నేను పుస్తకం పక్కన పెట్టి, మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కి పంపేవాణ్ని. పొద్దున్నే పోయి కూర్చో, ఎవరినీ ఏమీ అడగకు, పది మాటలు విని రాసుకుని రా. తుమ్ముకుంటూ కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చేవాళ్లు, కాగితం మీద కాంటా, దడువాయి, హమాలీ, అడ్తి, తాలు అని రాసి ఉండేది. ఒకాయన ఆ ఆదివారం ప్రసంగంలో గోధుమలూ పొట్టూ అనే చోట ఎర్రకాయలూ తాలుకాయలూ అని చెప్పాడట, వెనక వరసలో ఎప్పుడూ కునికే రైతులు లేచి కూర్చున్నారట. మేడారం జాతరకు కూడా ఒకసారి పోయి చూడమనేవాణ్ని. బెల్లాన్ని అక్కడ బంగారం అంటారని తెలియనివాడు ములుగు, తాడ్వాయి వైపు మనుషులతో ఏం మాట్లాడతాడు? ఇక కోయ, గోండి, లంబాడీ మాటలు నేర్చుకునేవాళ్లు అరుదు, దొరికితే దండం పెట్టొచ్చు. ఈ మధ్య కొందరిని మూడు నెలల్లో తయారుచేసి ఇవ్వమంటున్నారు. నేను కుదరదంటాను, పోట్లాడతాను.

ఇక నీ అసలు భయం, మధ్యలో వస్తే ఏంటి అని. సెమినరీ ఫిలాసఫీ కోర్సు బయట ప్రతి చోటా డిగ్రీగా చెల్లదు. అందుకని చేరే ముందే, మా తమ్ముడికి యూనివర్సిటీ డిగ్రీ చేయిస్తారా, ఏ ఏడాదిలో, అని అడిగి తెలుసుకోండి. చాలా సంఘాలు రెగ్యులర్‌గానో దూరవిద్యలోనో చేయిస్తాయి. నేను బయటికి వచ్చాక కాకతీయ యూనివర్సిటీలో డిగ్రీ మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఆ రెండు మూడేళ్లు టెన్షన్‌తో నిద్ర లేదు. డబ్బు విషయానికి మీరు పెద్దగా భయపడక్కర్లేదు, కొన్ని చోట్ల చిన్న మొత్తం అడుగుతారు, ఇవ్వలేమంటే చేర్చుకోవడం మానేయరు. తిరిగొచ్చిన వాణ్ని మాత్రం ఊరు మాటలతో చంపుతుంది, వీడికి చెడిపోయిన ఫాదర్ అని పేరు పెడుతుంది. దానికి మీ ఇంట్లోవాళ్లు ఇప్పుడే గట్టిపడండి, ఎందుకంటే చేరినవాళ్లలో పట్టం దాకా పోయేవాళ్ల కంటే మధ్యలో వచ్చేసేవాళ్లే ఎక్కువ, నా బ్యాచ్‌లో పద్దెనిమిది మందిమి చేరితే గురువులయింది ముగ్గురు.

ఇంకొకటి, ఆ సంఘం వాళ్లను వాడు ఒక ప్రశ్న అడగాలి: నన్ను పంపే చోట భాష నేర్చుకోవడానికి ఎంతకాలం ఇస్తారు? ఏడాది అంటే మంచిది. వెంటనే స్కూలు ఆఫీసులో కూర్చోబెడతాం అంటే, ఆలోచించుకోమను. మన పిల్లలు తెలివిగలవాళ్లని తెలిసి ఫాదర్ అయిన మర్నాడే బడి లెక్కలు అప్పజెప్పే చోట్లు ఉన్నాయి, అక్కడ వాడు మిషనరీ కాడు, అకౌంటెంట్ అవుతాడు.

ఈ వేసవిలో అయితే ఏ దరఖాస్తూ పెట్టనివ్వకు. మంచిర్యాల అవతల గానీ, ములుగు వైపు గానీ, ఏదైనా మిషన్ స్టేషన్‌లో పదిహేను రోజులు ఉండొస్తాడని మీ విచారణ గురువుగారితో మాట్లాడించు. పొద్దున పూజ, తర్వాత ఊళ్లు తిరగడం, సాయంత్రం ఫాదర్ తనే కూర వండుకుని కరెంటు లేని చోట తినడం, అన్నీ చూడాలి. అమ్మను కూడా రెండు రోజులకు పంపితే ఇంకా మంచిది, ఆ ఫాదర్ వంట చూశాకైనా ఆమె భయమెంతో తెలుస్తుంది. వాడు అడుగుతున్న సంఘం ఏదో ఇక్కడ కాకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టు, అందులో నా దగ్గర తెలుగు నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ చేసి లోపలి సంగతి కనుక్కుంటాను.